చౌడు మిద్దె మీద ఫైనల్

నాకు అసూయ ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఎదురింటి తాలింపు వాసన బాగుంటే ఆ పూట మా కూరలో ఉప్పు ఎక్కువవుతుంది, అది నా చేతిలో లేదు. అయితే కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, డిసెంబరులో, ఫుట్‌బాల్ షీల్డు ఫైనల్ జరిగిన రోజు పడినంత అసూయ నేను ఎన్నడూ పడలేదు. ఆనాటి సంగతి చెబుతున్నాను. నేను, ఈ రామేశ్వరమ్మ, మంచిదాన్నని ఇంకా ఎవరైనా అనుకుంటుంటే వాళ్లు తప్పకుండా వినాలి.

మా పెరటి గోడ దాటితే ఆటస్థలం. వారానికి రెండుసార్లైనా బంతి వచ్చి మా మిద్దె మీద పడేది. నేను నిచ్చెనెక్కి బంతిని కిందికి విసిరి, ఎటూ ఎక్కాను కదా అని కాసేపు నిలబడి చూసేదాన్ని. కొన్నాళ్లకు బంతి పడకపోయినా ఎక్కడం మొదలుపెట్టాను. అలా నాకు ఆట పట్టుబడింది.

రెండిళ్ల అవతల ఈరక్క ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్దది. భర్త పోయాక బొంతలు కుట్టుకుని బతికేది. నేను మిద్దె మీద ఒంటరిగా గెంతుతుంటే చూసి, "ఏం మే, పిచ్చి గిన పట్టిందా?" అంటూ పైకొచ్చింది. ఆ సాయంత్రమే తనకూ పట్టింది. అప్పటినుంచి పదేళ్లపాటు మేమిద్దరం ఒక్క ఆట వదల్లేదు. ఎవడి కాలు బెణికిందో, ఎవడు కొత్తగా పెళ్లి చేసుకుని పరుగు తగ్గించాడో మాకు తెలిసినంతగా జట్టు కెప్టెనుకు కూడా తెలిసేది కాదు. ఇంట్లో నాకు చెప్పుకోదగ్గ ముచ్చట్లు లేవు. పిల్లలు లేరు. ఈరక్క పక్కన కూర్చుని, ఆమె మోచేత్తో నన్ను పొడుస్తూ "అగో, వాన్ని వదిలేసినారు సూడు" అంటుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

ఆ రోజుల్లో ఆడవాళ్లు గ్రౌండులోకి పోయి మగవాళ్ల మధ్య నిలబడే మాటే లేదు. అందుకని ఏటా ఫైనల్ నాడు వీధిలోని ఆడవాళ్లంతా మా మిద్దె ఎక్కేవాళ్లు. మధ్యాహ్నం మూడింటికే బొరుగులు, బెల్లం కొంగున కట్టుకుని వచ్చేసేవాళ్లు. కార్నరంటే ఏమిటో, పెనాల్టీ ఎందుకిస్తారో నేను చెప్పేదాన్ని. నాకు తెలియకపోతే ఈరక్క చెప్పేది. ఇద్దరికీ తెలియకపోతే ఏదో ఒకటి చెప్పేవాళ్లం, ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు. ఏడాదికి ఆ ఒక్క పూట నేను ఆ వీధికి రాణిని.

రాజధాని వచ్చింది. గుడారాలొచ్చాయి, ఆఫీసులొచ్చాయి, ఇళ్ల అద్దెలు పెరిగాయి. మా పక్కనున్న ఖాళీ జాగాలోకి కాంట్రాక్టరు శ్రీనివాసులు, ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ వచ్చారు. ఎనిమిది నెలల్లో ఇల్లు లేపేశారు. మాది చౌడు మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలనే అడ్డకర్రలు, దంతెల మీద కంప, ఆ పైన మట్టి, అన్నిటికన్నా పైన నీళ్లు దిగనివ్వని చౌడు మన్ను. ఏటా వానలకు ముందు నాలుగు గంపల చౌడు పోసుకోకపోతే ఇల్లంతా కారుతుంది. వాళ్లది సిమెంటు మిద్దె. మా మిద్దెకన్నా మూరెడు పైకి ఉంటుంది. చుట్టూ కంతలు వదిలి కట్టిన పిట్టగోడ. ఎక్కడానికి నిచ్చెన కాదు, మెట్లు. పట్టుకోవడానికి ఇనుప కమ్మీ కూడా.

పైగా సుబ్బలక్ష్మమ్మ మంచి మనిషి. అదే నాకు మరీ కష్టంగా ఉండేది. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

ఫైనల్ ఆదివారమనగా బుధవారం నాడు గ్రౌండులో పెద్ద షామియానా వేశారు. గవర్నరుగారు వస్తారట. ఆ షామియానా సరిగ్గా తూర్పు గోలుకు అడ్డం వచ్చింది. మా మిద్దె మీద నిలబడి చూస్తే గోల్ స్తంభాల బదులు బట్ట కనిపించింది. సుబ్బలక్ష్మమ్మ మిద్దె మీది నుంచి అన్నీ కనిపిస్తాయి. అదే సాయంత్రం ఆమె కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వచ్చింది. "ఆదివారం మా మిద్దె మీదికి రాండమ్మా అందరూ. కుర్చీలేయిస్తాం, కాఫీ పెడతాం" అని పిలిచింది. నన్నూ పిలిచింది. నా మిద్దె మీదికి వచ్చే జనాన్ని తన మిద్దె మీద నన్నే వచ్చి చూడమంటోంది!

ఈరక్క దగ్గరికి పోయి అడిగాను. "నువ్వు యాడికి పోతాండావు?"

సూదిలో దారం ఎక్కిస్తూ ఈరక్క తలెత్తలేదు. "సూద్దాం లే" అంది.

పదేళ్ల స్నేహంలో సూద్దాం అనే మాట నేను వినలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మరునాడు మా ఆయన కంబన్నను కూర్చోబెట్టాను. ఆయన దూది మిల్లులో బండి తోలుతాడు. "రెండు బండ్ల చౌడు తేవాల" అన్నాను.

"వానల్లేని దినాల్లో చౌడు యాలనే?"

"మిద్దె ఎత్తు చేయాల. షామియానా పైనుంచి ఆట కనపడాల."

"ఆ దూలం మా జేజినాయన ఏసింది మే. దాని మీద అంత బరువా?"

"మీ జేజినాయన ఏసిన్యాడంటే గట్టిగానే ఏసింటాడు లే. నువ్వు తెస్తావా, నన్ను నెత్తిన మోయమంటావా?"

తెచ్చాడు. అంచున పోస్తే ఎవరైనా జారిపడతారని మిద్దె నడిమిన పోయించాను, నడి దూలానికి సరిగ్గా పైన. మోకాలెత్తు తిన్నె తయారైంది, మిద్దె ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఎక్కి చూస్తే షామియానా వెనకాల తూర్పు గోలు కనిపించింది. నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ కాలు పెడితే చాలు చౌడు పొడిపొడిగా లేస్తోంది. సుబ్బలక్ష్మమ్మ గచ్చు మీద చీర అంటకుండా కూర్చోవచ్చు, నా మిద్దె మీద కూర్చుంటే వెనకంతా తెల్లగా అవుతుంది. అందుకని శనివారం పొద్దున బావి నుంచి ఇరవై కడవల నీళ్లు మోసి తిన్నెంతా తడిపి, దిమ్మిసతో కొట్టించాను. తడిసిన చౌడు ఎంత బరువో మా వీధిలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. నేను మాత్రం ఎవరినీ అడగలేదు.

ఆదివారం తెల్లవారకముందే డప్పుల మోతతో మెలకువ వచ్చింది. ఫైనల్లో మనతో తలపడే ఎర్రగుంట్ల వాళ్లు నాలుగు లారీల్లో దిగారు. తుంగభద్రలో స్నానాలు చేసి, తడి పంచెలతోనే బజారంతా తిరుగుతూ, షీల్డు మాదంటే మాదని మనవాళ్లతో మాటకు మాట అనుకుంటున్నారు. షీల్డును బట్టల కొట్లో పూలదండ వేసి నిలబెట్టారు. పెళ్లికూతురును చూడ్డానికి పోయినట్టు జనం వరసకట్టి పోయి చూసి వచ్చారు. ఉగ్గాని, బజ్జీల అంగళ్లలో పదింటికే చట్లు అడుగంటాయి. మన జట్టు కుర్రాళ్లు రెండు గోల్ స్తంభాలకూ పసుపు రాసి గుమ్మడికాయ కొట్టారు. ఎర్రగుంట్ల వాళ్లు అది చూసి మరో గుమ్మడికాయ తెచ్చి అక్కడే కొట్టారు. మా ఆయన ఫైనల్ నాడు ఒక్కపొద్దు ఉంటాడు. ఆట ముగిసేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టడు. అలాంటి వాళ్లు ఊళ్లో కనీసం వందమంది ఉంటారు.

నేను మాత్రం ఆ సంబరం ఏదీ చూడలేదు. పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగాను. మద్దమ్మకు ఆమె రెండో కాన్పు నా చేతుల మీదే జరిగిందని గుర్తు చేశాను. ఒకామెకు ఆవకాయ ఇచ్చాను, ఇంకొకామె మీద అలిగాను. ఒకామె దగ్గర కన్నీళ్లు కూడా పెట్టుకున్నాను, అవి నిజంగానే వచ్చాయి. మూడున్నరకు లెక్క చూసుకుంటే నా మిద్దె మీద పద్దెనిమిది మంది. పక్క మిద్దె మీద పన్నెండు మంది. గెలిచాననుకున్నాను.

అప్పుడే ఈరక్క కనిపించింది. సుబ్బలక్ష్మమ్మ ఇంటి మెట్ల మీద. ఇనుప కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఎక్కుతోంది. సుబ్బలక్ష్మమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"ఈరక్కకు మోకాళ్ల నొప్పులు శానా ఉండాయంట. నిచ్చెన ఎక్కలేదంట పాపం" అంది నా పక్కనున్న మద్దమ్మ.

మోకాళ్ల సంగతి ఈరక్క నాకూ చెప్పింది, పోయిన నెలలో. నేను వింటూనే వినలేదు. మద్దమ్మ చెప్పగానే నాకు జాలి రావాలి. రాలేదు. ఆ మోకాళ్ల మీద కూడా కోపం వచ్చింది. పదేళ్లు నా నిచ్చెనెక్కిన మోకాళ్లు, సరిగ్గా పక్కింటికి మెట్లు వచ్చిన ఏడే నొప్పి పుట్టాలా?

నాలుగింటికి ఈల వేశారు. పదినిమిషాలు కాకముందే ఎర్రగుంట్ల వాళ్లు గోలు కొట్టారు. లారీల దగ్గర డప్పులు మోగాయి. నేను ఆ గోలు చూడలేదు. నా చూపంతా పక్క మిద్దె మీదే. ఈరక్క చేతిలో కాఫీ లోటా ఉంది. సుబ్బలక్ష్మమ్మ ఏదో అడుగుతోంది, ఈరక్క గ్రౌండు వైపు వేలు చూపించి చెబుతోంది. ఆఫ్‌సైడ్ గురించి చెబుతోందని నాకు ఆ వేలు తిప్పడంలోనే తెలిసిపోయింది. ఆ సంగతి మేమిద్దరం కలిసి మూడేళ్లు తలలు బద్దలు కొట్టుకుని తెలుసుకున్నాం. దాన్ని ఆమె ఒక కాఫీకి సుబ్బలక్ష్మమ్మ చేతిలో పెట్టేస్తోంది. నా కళ్లల్లో కారం కొట్టినట్టయింది.

సగం ఆట అయిందని ఈల వేశారు. అప్పుడే కింద నుంచి మా అత్త మహాదేవమ్మ కేక వినిపించింది. ఆమె నడవలేదు, మంచం మీదే ఉంటుంది. ఆ మంచం నడి దూలం పక్కన, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి కింద. ఆ కంతలోంచే ఆట ఎట్లా ఉందో అడుగుతూ ఉంటుంది.

"రామేశ్వరీ! పైనుంచి మన్ను రాల్తాండాది మే, నా కండ్లల్లో పడతాండాది!"

"మొగం పక్కకు తిప్పుకో అత్తా!" అన్నాను.

"మన్ను గాదు, గడ్డలు రాల్తాండాయి!"

బొరుగులు తేవాలనే వంకతో దిగాను. ఇంట్లోకి పోయి పైకి చూశాను. నడి దూలం, నిచ్చెన వైపు గోడ మీద ఆనే కొసలో, పొడవునా చీలింది. చీలికలో నా చిటికెన వేలు పట్టేంత సందు. పైన ఎవరో అడుగు వేసినప్పుడల్లా ఆ సందు కొంచెం తెరుచుకుని మళ్లీ మూసుకుంటోంది. దంతెల మధ్యనుంచి తడి చౌడు ముద్దముద్దగా రాలుతోంది.

నేను అప్పుడు ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. అయ్యో, పైన పద్దెనిమిది మంది ఉన్నారే అనుకోలేదు. ఈ మాట చెబితే పద్దెనిమిది మందీ సుబ్బలక్ష్మమ్మ మిద్దె మీదికి పోతారనుకున్నాను. వాళ్ల మధ్య ఈరక్క కూర్చుని ఉంటుంది, నా మిద్దె ఖాళీగా కనిపిస్తుంది అనుకున్నాను. పాత కొయ్య, ఒక్క అరగంట ఆగదా అనుకున్నాను. మా అత్త మంచాన్ని ఈడ్చి వాకిలి దగ్గరికి చేర్చాను. ఆమె చేతిలో ఇన్ని బొరుగులు పోశాను.

"ఏమాయె మే?" అంది.

"ఏంల్యా. ఈడైతే గాలి బాగా వస్తాది" అన్నాను. నిచ్చెనెక్కి పైకి పోయాను.

రెండో సగం మొదలైంది. "ఎవురూ లేయొద్దండి, కూచోనే సూడండి, ఎనకాల వాండ్లకు కనపడదు" అని చెప్పాను. వెనకాల ఎవరూ లేరు. నా చెవులు మాత్రం ఆట మీద లేవు, కాళ్ల కింద ఉన్నాయి. కిర్రుమంటే ఉలిక్కిపడుతున్నాను, ఆగితే ఊపిరి పీలుస్తున్నాను. మధ్యమధ్యలో పక్క మిద్దె వైపు చూసి మండిపోతున్నాను. భయం ఒక పక్క, అసూయ ఒక పక్క. ఏది పెద్దదని అడిగితే ఆ క్షణాన అసూయే పెద్దది.

ఇంతలో మన సెంటర్ ఫార్వర్డ్ శేషన్నకు బంతి దొరికింది. బస్సు కండక్టరు ఉద్యోగం వాడిది, జనం మధ్య సందు చేసుకుని పోవడంలో ఆరితేరాడు. ఇద్దర్ని తప్పించుకుని, మూడోవాణ్ణి భుజంతో తోసి, బంతిని గోల్లోకి తన్నాడు. గ్రౌండంతా లేచింది. నా పద్దెనిమిది మందీ లేచి గెంతారు. కింద ఫెళ్లుమన్న చప్పుడు. ఆ గోలలో అది నాకొక్కదానికే వినిపించింది. తిన్నె అరచేతి మందం కిందికి దిగింది. నేను అప్పుడూ నోరు తెరవలేదు. సమానమైంది కదా, ఇంకెంత, పది నిమిషాలు అనుకున్నాను.

ఆ గెంతులు ఆగాక పక్క మిద్దె వైపు చూస్తే ఈరక్క కుర్చీ ఖాళీగా ఉంది.

మా పెరట్లోకి చూశాను. ఈరక్క గోడ పట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వస్తోంది. నిచ్చెన మొదట్లో నిలబడి తలెత్తి నవ్వింది.

"వాండ్లకు కార్నరంటే ఏందో తెలీదు పిల్లా. చీరల ముచ్చట్లు. నా వల్ల కాలేదు. కాలు ఇరిగితే ఇరిగింది, నీ పక్కన కూచోని సూస్తా. చెయ్యందియ్యి" అంది. నిచ్చెన మీద కాలు పెట్టింది.

బుధవారం నుంచి నేను కోరుకున్నది అదే. ఆ మాట కోసమే రెండు బండ్ల చౌడు పోయించాను. ఇప్పుడు ఆమె చెయ్యి చాచింది. ఆమె ఎక్కి అడుగు పెట్టేది సరిగ్గా ఆ చీలిన కొస మీద.

"ఎక్కొద్దు!" అని అరిచాను. "నువ్వు రావద్దు. పో, ఆడికే పో."

ఈరక్క ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. "ఏం మే?"

"పో అంటాండా కదా! కాఫీ తాగిన కాడికే పో!"

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. తిరిగి గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడ్చే తీరిక లేదు. ఈరక్కను ఎక్కనివ్వని మిద్దె మీద పద్దెనిమిది మందిని కూర్చోబెట్టుకున్నానని అప్పుడు, అప్పుడే, నాకు తలకెక్కింది.

దూలం విరిగిందని చెబితే అందరూ ఒక్కసారి నిచ్చెన వైపు పరిగెత్తుతారు. పరిగెత్తితే అంతా కలిసి ఇంట్లో పడతారు. కాబట్టి నవ్వుతూ చెప్పాలి. ఏం చెబితే వీళ్లు ఆఖరి పది నిమిషాల్లో ఆట వదిలి, గొడవ లేకుండా ఒక్కొక్కరే దిగుతారు? నాకు ఒక్కటే తోచింది. అది నోట్లోంచి తీయడానికి నాకు ఎంత కష్టమయిందో దేవుడికి తెలుసు.

"మద్దమ్మా, ఈడ ఏం కనపడతాండాది చెప్పు? ఆ షామియానా అడ్డం. సుబ్బలక్ష్మమ్మ మిద్దె మింద అయితే రెండు దిక్కుల గోలూ కనపడతాది. కుర్చీలుండాయి, కాఫీ ఉండాది. పోండి, నిదానంగా, ఒగరెనక ఒగరు పోండి."

మద్దమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. "పొద్దన్నుంచి మా కాళ్లు పట్టుకొని ఎక్కించి, ఇప్పుడు ఆడికి పొమ్మంటావా? జరం గిన వచ్చిందా?"

"వాళ్ల మిద్దే మేలు. నేనే చెబుతాండా కదా" అన్నాను. పక్క మిద్దె వైపు తిరిగి, వీధంతా వినేలా, "సుబ్బలక్ష్మమ్మా! మావోళ్లు నీ మిద్దె మీదికి వస్తారంట, కాఫీ పెట్టు తల్లీ!" అని కేకేశాను.

"రానీ అక్కా, రానీ! నా భాగ్యం!" అని ఆమె పిట్టగోడ మీదికి వంగి పిలిచింది.

కాఫీ మాట పనిచేసింది. నేను నిచ్చెన పక్కన గోడ మీద కూర్చుని, ఒక్కొక్కరినీ గోడ అంచు మీదుగా రప్పించి, చెయ్యి పట్టుకుని దించాను. ఒకరు దిగి నేల మీద నిలబడ్డాకే రెండోవాళ్లను రానిచ్చాను. "ఈరక్క రానందుకు అలిగింది లే" అని ఒకామె గుసగుసలాడింది. "వచ్చినా ఎళ్లగొట్టె గదా, నేను చూడ్లా" అని ఇంకొకామె అంది. నా చేతిలో చెయ్యి పెట్టే అంటున్నారు. పద్దెనిమిదో ఆమె చంకలో పసిబిడ్డ. ఆమె కూడా దిగాక నేను దిగాను. మా అత్తను మంచంతో సహా ఈడ్చుకుని వీధిలోకి వచ్చేశాను.

అప్పుడే గ్రౌండు దద్దరిల్లింది. గెలుపు గోలు. అది ఎవరు కొట్టారో, ఎట్లా కొట్టారో నేను చూడలేదు. పైన సిమెంటు మిద్దె మీద ముప్ఫైమంది ఆడవాళ్లు గెంతుతున్నారు. మిద్దె కదల్లేదు. అన్ని గొంతుల్లోనూ ఈరక్క గొంతు నాకు విడిగా వినిపించింది. అంత ప్రమాదం తప్పిందన్న సంతోషం ఉండాలి కదా నాకు? లేదు. వీధిలో నిలబడి, తల పైకెత్తి, ఆ గొంతు విని కుళ్లుకున్నాను.

"ఎవురు గెలిచినారు మే?" అంది మా అత్త.

"మనోళ్లే" అన్నాను.

షీల్డు భుజాలకెత్తుకుని జనం మా వీధిలోంచి ఊరేగింపుగా పోతుండగా, దీపాలు పెట్టే వేళ, మా ఇల్లు కూలింది. డప్పుల మోతకు అదిరిందో, దాని సమయం వచ్చిందో. ముందు మూలుగు లాంటి చప్పుడు, తర్వాత దబ్బుమని ఒకటే. తలుపుల్లోంచి తెల్లటి దుమ్ము వీధిలోకి వచ్చింది. డప్పులు ఆగిపోయాయి. ఒక్కపొద్దు ఇంకా విడవని మా ఆయన ఊరేగింపులోంచి మెడలో పూలదండతోనే పరిగెత్తుకొచ్చి, నన్నూ వాళ్లమ్మనూ చూసి అక్కడే కూలబడ్డాడు.

అందరూ లోపలికి తొంగి చూశారు. మిద్దె నడిమి భాగమంతా ఇంట్లో ఉంది. మద్దమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓయమ్మా! అందుకా మమ్మల్ని దింపింది! కాఫీ అని, కుర్చీలని!" పసిబిడ్డ తల్లి వచ్చి నా కాళ్ల మీద పడబోయింది. సుబ్బలక్ష్మమ్మ నన్ను కావలించుకుని ఏడ్చింది. "ఎంత తెలివమ్మా! భయపెట్టకుండా దింపినావే!" అన్నారు మగవాళ్లు. షీల్డు పట్టుకున్న శేషన్న కూడా వచ్చి నాకు దండం పెట్టాడు. వీధి వీధంతా నన్నే చూస్తోంది. నేను ఎన్నేళ్లుగానో కోరుకున్న చూపులు. నేను తల వంచుకోలేదు. ఆ పొగడ్త నాకు తియ్యగానే ఉంది, ఏం చేయను.

జనాన్ని తప్పించుకుంటూ ఈరక్క వచ్చింది. ఏడుస్తోంది. "పిచ్చిదానా, అందుకా నన్ను ఎక్కొద్దన్న్యావు! నేనేమో..." అంటూ నా తల నిమిరింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోతే బాగుండేది.

మంచం మీది నుంచి మా అత్త అందుకుంది. కోడలి గొప్పలో తనకూ వాటా కావాలి కదా. "నేనే మే చెప్పింది! మొదట చెప్పింది నేనే. సగం ఆటకు ఈలేసినారు సూడు, అప్పుడే కేకేసినా, మన్ను రాల్తాండాదని. బిన్న దిగొచ్చి, దూలం కల్లా సూసి, నన్ను వాకిట్లోకి ఈడ్చె. చేతిలో బొరుగులు గూడా పోసె. బంగారట్లాంటి కోడలు."

ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. ముసలామె వాగుడు అనుకున్నారు. ఈరక్క చెయ్యి మాత్రం నా తల మీద ఆగిపోయింది. ఆటలో ఏది ఎప్పుడు జరిగిందో ఆమెకు నిమిషాలతో సహా గుర్తుంటుంది.

"సగం ఆటకే సూసినావా?" అని మెల్లగా అడిగింది.

నేను చీరకంటిన దుమ్ము దులుపుకున్నాను.

"మనోళ్లు గోలు కొట్టి అందరూ ఎగిరినప్పుడు గూడా నీకు తెల్సు."

"ఈరక్కా..."

"ఒక్కటే అడుగుతా. నేను ఆ నిచ్చెన మింద కాలు పెట్టకుండా ఉండింటే, చెప్పిందువా?"

"చెప్పిందును" అన్నాను.

ఈరక్క నా ముఖంలోకి చూసింది. పదేళ్లు పక్కన కూర్చున్న మనిషి ముందు అబద్ధమాడటం ఎంత పనికిమాలిన పనో నాకు అప్పుడు తెలిసింది. ఆమె చెయ్యి తీసేసింది. కోపంగా కూడా తీయలేదు. మా ఆయనను పిలిచి, "కంబన్నా, మీయమ్మ మంచం పట్టు. మా ఇంట్లో పండుకుంటాది" అంది. మా ఆయన ఒక వైపు, ఇంకెవరో ఒక వైపు మంచం ఎత్తారు. ఈరక్క ముందు కుంటుకుంటూ, మంచం వెనక, రెండిళ్లు దాటి పోయారు. నన్ను రమ్మని పిలుస్తుందేమోనని చూశాను. తలుపు దగ్గర కూడా ఆమె వెనక్కి తిరగలేదు.

"నువ్వు మా ఇంటికి రా అక్కా. ఇల్లు లేచేదాంక మాతోనే ఉండు" అని సుబ్బలక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. జనం ఇంకా నన్ను పొగుడుతూనే ఉన్నారు. నేను ఆమె వెనకాలే పోయి, ఆ ఇనుప కమ్మీ పట్టుకుని మెట్లెక్కాను.